కుంకుమ బొట్టు పెట్టిన గ్రాఫిక్స్ కార్డు

మా చిన్నప్పుడు మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో కంప్యూటర్ కూడా పంచాంగం చూసుకునే ఇంట్లో అడుగుపెట్టేది... నమ్మరా? మా ఇంటికి అలాగే వచ్చింది మరి. అదీ ముక్కలు ముక్కలుగా.

సందుకో కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడుతున్న రోజులవి. నేను తొమ్మిదో తరగతి. మాది విజయనగరం వైపు, నాన్న రైల్వేలో గుమాస్తా. దసరా బోనస్ చేతికి రాగానే "ఈసారి బీరువా లేదు, గీరువా లేదు... పిల్లకి కంప్యూటరే" అని తేల్చేశారు.

"ఆడపిల్లకి అదేటి అవసరంరా?" అని మా మేనత్త ఒకటే సణుగుడు. నాన్న వింటేనా! "సామాన్లన్నీ నా కూతురే ఎంచుతుంది. దానికి తెలీనిది లేదు" అని ఆఫీసంతా చాటి వచ్చారు.

నాకు తెలిసిందల్లా ఏమిటంటారా... కార్ల రేసు! క్లాస్‌మేట్ ఇంట్లో ఒకసారి ఆడానో లేదో, కళ్లు మూస్తే అదే రోడ్డు. ఆ కార్లు ఆగకుండా పరిగెత్తాలంటే గ్రాఫిక్స్ కార్డు ఉండాలని వాళ్ల అన్నయ్య చెప్పాడు. నా కంప్యూటర్ జ్ఞానం అక్కడితో సరి.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక కాంప్లెక్సులో, మెట్ల కింద యూసుఫ్ భాయ్ దుకాణం. విడిభాగాలు అమ్మి, తనే బిగించి ఇచ్చేవాడు. మదర్‌బోర్డు దగ్గరికి వచ్చేసరికి రెండు డబ్బాలు నా ముందు పెట్టాడు.

"గేమ్స్ గిట్ల ఆడుతవా చెల్లె? ఆడితే ఈ బోర్డు తీస్కో, జెర రేటెక్కువ. చదువుకైతే గిది చాలు."

పక్కనే నాన్న... చంకలో గొడుగు, మొహం నిండా గర్వం. అందరితో పోట్లాడి కొనిపెడుతున్న మనిషి ముందు "ఆటలకే" అని ఎలా అనను? సిగ్గుతో చచ్చిపోయాను. "లేదన్నా, చదువుకే" అన్నాను. చవక బోర్డు సంచిలోకి వెళ్లింది.

"ఈడనే ఫిట్ చేసి, ఆన్ చేసి చూపిస్త సార్" అన్నాడు యూసుఫ్ భాయ్. నాన్న ఒప్పుకోలేదు. "దసరాకి ఆయుధపూజ ఉంది బాబూ. ఏ ముక్కకి ఆ ముక్క బొట్టు పెట్టాలి. ఆ తర్వాతే, మా ఇంట్లోనే బిగించాలి." అతను తల గోక్కుని "మీ మర్జీ సార్" అన్నాడు.

తీరా బయటికొచ్చాక పక్క దుకాణం అద్దంలో కనబడింది... గ్రాఫిక్స్ కార్డు! డబ్బా మీద మంటల్లోంచి దూసుకొస్తున్న ఎర్ర కారు. చవక బోర్డు తీసుకున్నాం కనుక డబ్బు మిగిలే ఉంది. "ఇదుంటే తెర మీద బొమ్మలు బాగా కనిపిస్తాయి నాన్నా" అన్నాను. "నువ్వు చెప్పాక మరేటి" అని కొనేశారు.

దసరా నాడు చూడాలి మా ఇల్లు... పీటల మీద మానిటర్, కీబోర్డు, ఆఖరికి మౌస్‌కి కూడా పసుపూ కుంకుమ. కార్డు డబ్బా మీది కారుకి అమ్మ ఇంత బొట్టు పెట్టింది. నాన్న ఆఫీసు వాళ్లు, క్వార్టర్స్ జనం, మేనత్త... కాలు పెట్టే సందు లేదు. యూసుఫ్ భాయ్ కింద కూర్చుని ఒక్కొక్కటే బిగిస్తూ వచ్చి, కార్డు చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు.

"సార్... ఇదేడ తెచ్చిండ్రు? ఈ బోర్డుల దీన్ని గుచ్చేటందుకు స్లాటే లేదు. గేమ్స్ ఆడేటోళ్ల బోర్డు వేరే ఉంటది. నేను అడిగిన గద చెల్లెను?"

అందరూ నా వైపే తిరిగారు. భూమి చీలితే బాగుండుననిపించింది... మేనత్త నోరు తెరవబోతోంది. అంతలో నాన్న పెద్దగా నవ్వేశారు.

"అదా! అది నేను కొన్నానయ్యా, డబ్బా మీద కారు బాగుందని. పిల్ల వద్దు నాన్నా, వద్దు నాన్నా అని నెత్తీ నోరూ కొట్టుకుంది. నేనే వినలేదు."

గదంతా గొల్లుమంది. "కారు కొనలేక కారు బొమ్మ కొన్నావా అప్పారావూ!" అన్నారు నాన్న పై ఆఫీసరు.

కార్డు పక్కన పెట్టి తక్కినవి బిగిస్తే కంప్యూటర్ వెలిగింది. "చూశారా, పిల్ల ఎంచినవన్నీ పనిచేశాయి!" అని నాన్న అంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకున్నాను. అబ్బో, ఎంత అణకువో అనుకున్నారు.

పులిహోర పొట్లం తీసుకుని వెళ్తూ యూసుఫ్ భాయ్ గుమ్మం దగ్గర మెల్లగా అన్నాడు. "మీ నాయినకు అబద్ధం మంచిగ ఆడొస్తది చెల్లె."

కుంకుమ అంటిన సరుకు వాపసు తీసుకోనన్నాడు కార్డు అమ్మిన దుకాణం వాడు. పూజలో పెట్టింది పారేయకూడదంది అమ్మ. అలా ఆ కార్డు షోకేసులో బొమ్మల పక్కన చేరింది. నాన్న ఆఫీసులో 'కార్డు అప్పారావు' అయిపోయారు. రిటైరైన రోజు దండ వేసినప్పుడూ అదే పేరు... ఆయన నవ్వుతూనే ఉన్నారు. ఇంట్లో మాత్రం నన్ను ఒక్క మాట అడగలేదు. రెండు తిట్టినా బాగుండేది!

మొన్న మా అబ్బాయి ఫోన్‌లోనే గేమింగ్ కంప్యూటర్‌కి సామాన్లు ఎంచుకున్నాడు. ఏది దేనికి సరిపోదో ఆ సైటే ఎర్ర అక్షరాల్లో చెప్పేస్తోంది. పక్కనే కూర్చున్న నాన్న వాడి వీపు తట్టి, "జాగ్రత్తరా మనవడా! అప్పట్లో నేను డబ్బా మీద బొమ్మ చూసి మోసపోయాను. మీ అమ్మ ఎంత వద్దన్నా వినలేదు" అన్నారు.

వాడు పడీ పడీ నవ్వాడు. "కాదు నాన్నా..." అని మొదలుపెట్టాను. "నువ్వూరుకోవే, నీకు తెలీదు" అన్నారు నాన్న.

మళ్లీ తల వంచుకున్నాను.

ఇప్పుడు పొరపాటు జరగనివ్వని సైట్లు ఎన్నో వచ్చాయి... పొరపాటు జరిగితే "నేనే చేశాను" అని నలుగురిలో నవ్వేసే మనుషులే తగ్గిపోయారు. మీ ఇంట్లో మీ సిగ్గును అలా తన నెత్తిన వేసుకున్నదెవరు? చెప్పండి, చదువుతాను... నాన్నకు చెప్పలేకే నేను మీకు చెప్పుకుంటున్నాను.