ఆడి మాసంలో అతిథులు

నోరు విప్పడం కంటే డైరీ విప్పడమే తేలికనిపించిన ఆ రోజుల్లో, నాకు సరిగ్గా సరిపోయే ఉద్యోగం దొరికింది. తమిళనాడులోని ధర్మపురిలో ఒక లాడ్జి వెనక మురుగునీటిని శుద్ధి చేసే తొట్లను చూసుకోవాలి. గాలి బుడగల మధ్య బతికే సూక్ష్మజీవులు మురుగును తింటాయి. తేరిన నీళ్లు మల్లె మొక్కలకు పోతాయి. (అవి నన్నేమీ అడగవు. అంతకంటే మంచి తోటివాళ్లు ఎక్కడ దొరుకుతారు?)

ఇంతలో అక్కడి ఆషాఢమైన ఆడి మాసం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, గదులన్నీ ఖాళీ. అతిథులు లేక మురుగు లేదు, మురుగు లేక నా జీవులకు తిండి లేదు. సరిగ్గా అప్పుడే అధికారులు నీళ్లను పరీక్షకు తీసుకుపోతారని కబురొచ్చింది. అందులో నీళ్లు తప్పితే ఈ పని బయటివాళ్లకు అప్పగిస్తానన్నాడు యజమాని. బెల్లం నీళ్లు పోసి చూశాను, చాలలేదు. ఇంట్లో ముద్ద దిగక కూర్చుంటే, కట్టడం పనికి పోయే మా పెద్దమ్మ పట్టేసింది.

"ఏమయిందే? ఎవుడన్నా ఏమన్నా అనినాడా?"

"లాడ్జికి మనుషులు కావాల పెద్దమ్మా. స్నానానికి. ఇంకా... దానికి కూడా."

"దేనికే?"

గొణిగాను. పెద్దమ్మ వీధంతా వినబడేలా కేకేసింది: "ఒసే, రాండే! మా పాప లాడ్జిలో దొడ్డికి పోతే సాలంట! వేణ్ణీళ్లు కూడా ఇస్తారంట!"

యజమానిని అడగడం ఇంకో గండం. మాట పెగలక చీటీ రాసిచ్చాను. చదివి కళ్లద్దాలు జారేదాకా నవ్వి, "సరి, వరచ్చొల్లుమ్మా" అని తమిళంలోనే రమ్మనమన్నాడు. ఆ సాయంత్రం నుంచి పెద్దమ్మ జట్టంతా పని దిగి, సిమెంటు దులుపుకుని, తువ్వాళ్లతో హాజరు. "ఇంకొంచేపు కూసో మామా, పాప ఉద్యోగం!" అని తలుపు బయట పెద్దమ్మ అదిలింపులు. నేను మల్లె మొక్కల వెనక దాక్కున్నాను. తొట్టిలో మాత్రం నా జీవుల గోధుమరంగు మళ్లీ చిక్కబడసాగింది.

పరీక్షకు ముందురోజు పెద్దమ్మ ఒక బక్కెట్టు ఎత్తుకొచ్చింది. "ఇంతమందిమి వాడినాము, మురికిగా వదిలిపోతే మర్యాదా?" అంటూ మరుగుదొడ్లలో ఫినాయిలు గుమ్మరించబోయింది. అదంతా పోయేది నా తొట్టిలోకే, ఒక్క జీవీ మిగలదు!

"వద్దూ!"

ఆ గొంతు నాదేనని నాకే తెలియలేదు. మేడమీది నుంచి యజమాని తొంగిచూశాడు. పెద్దమ్మ బక్కెట్టు దించి, "ఓయమ్మ, దీనికి నోరుండాది!" అని మురిసిపోయింది.

నీళ్లు నెగ్గాయి, ఉద్యోగం నిలిచింది. ఇప్పటికీ ఆడి రాగానే పెద్దమ్మ ఫోను చేస్తుంది: "ఏం పాపా, నీ బిడ్డలు తినినారా?" నా డైరీలో ఆనాటి పుటలో మాత్రం ఒకటే మాట ఉంది: 'అరిచాను.' ఎంత భయపడి రాసుకుందో అప్పటి నాలోని ఆ పిల్ల! కింద గీత కూడా గీసుకుంది.