ఫెన్సు దాటిన గిన్నె

నరసాపురంలో పుట్టినవాడికి చేపలు పట్టడం ఒకరు నేర్పనక్కర్లేదు. తాజ్‌కు తంటా అక్కడే వచ్చింది. దేశం కాని దేశం వచ్చి, బ్లాక్‌టౌన్ దగ్గర గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతూ, ఎండాకాలం ఆదివారాల్లో గేలం కారులో పడేసుకుని హాక్స్‌బరీ నదికి పోయేవాడు. చేపలు పట్టే లైసెన్సు తీసుకున్నాడు గానీ రూల్స్ చదివిన పాపాన పోలేదు. చలికాలంలో ఎలాగూ ఇల్లు కదలడు కాబట్టి ఆ అజ్ఞానం రెండేళ్లు బయటపడలేదు.

ఆ జూన్‌లో, అక్కడ చలికాలం మొదలయ్యే రోజుల్లో, అతని భార్య షెహజాదికి పెద్ద ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు గానీ నోరు చచ్చిపోయింది. ఆరు వారాలు గంజి కూడా రెండు చెంచాలు దాటలేదు. తినకపోతే మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుందని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. అలాంటి మనిషి ఒక పొద్దున నోరు తెరిచి అడిగింది.

"ఏవండీ, గుడ్లున్న చేప పులుసు తినాలనుందండీ."

తాజ్ చలిని కూడా లెక్కచేయకుండా నది దిగువకు, వైజ్‌మన్స్ ఫెర్రీ అనే ఊరి దాకా పోయాడు. బాస్ అనే రకం చేప ఒకటి పడింది. పొట్ట నిండా గుడ్లే. గోదావరి మనిషికి అంతకు మించిన అదృష్టం ఏముంటుంది? ఆ సాయంత్రం షెహజాది పళ్లెం నిండా అన్నం పెట్టించుకుని, వేళ్లు నాకి మరీ తింది. తాజ్ కళ్లు తుడుచుకోవడానికి సింకు వైపు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్లీ కడిగాడు.

ఇంట్లో మంచి కూర వండితే పక్కింటికి గిన్నె పంపాలి, వాళ్లమ్మ నేర్పిన పద్ధతి. పక్కింట్లో కెన్ అనే పెద్దాయన ఒక్కడే ఉంటాడు, ఆయనా చేపలు పట్టేవాడే. తాజ్ ఫెన్సు మీదుగా పులుసు గిన్నె అందించి, ఫోన్‌లో చేప ఫొటో కూడా గర్వంగా చూపించాడు. చేసిన నేరాన్ని సాక్ష్యంతో సహా, వేడివేడిగా అప్పగించాడన్నమాట!

కెన్ ముఖం మాడిపోయింది.

"మే నుంచి ఆగస్టు దాకా నదిలో బాస్ జోలికి పోకూడదు, తాజ్. ఎక్కడో ఎగువ నుంచి ఉప్పునీళ్ల దాకా దిగి వస్తాయి, ఏడాదికొక్కసారి, గుడ్లు పెట్టడానికే. పొరపాటున పడినా వెంటనే వదిలేయాలి."

"నాకు తెలియదు, అంకుల్," అన్నాడు తాజ్.

కెన్ తిట్టలేదు. చేతులు తడుపుకుని, కింద నుంచి పొట్టకు ఆసరా ఇచ్చి, నీళ్లలోంచి పైకి తీయకుండానే గేలం ఎలా విప్పాలో గాలిలోనే చేసి చూపించి, గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ గిన్నె తిరిగి రాలేదు. పులుసు చెత్తబుట్టలో పోసి ఉంటాడనీ, ఇక తన ముఖం కూడా చూడడనీ తాజ్ కుమిలిపోయాడు. వాళ్ల నాన్న మాట గుర్తొచ్చింది. గుడ్లు పెట్టడానికి గోదావరి ఎదురెక్కే పులసలు ఒకప్పుడు పడవకు పడవ పడేవట. ఇప్పుడు ఒక్కటి దొరికితే ఊరంతా చూడటానికొస్తుంది. తెలియదని కెన్‌తో అన్నాడు గానీ, ఎంతో కొంత తెలుసు.

రెండు వారాలకు షెహజాది మళ్లీ పళ్లెం పక్కకు నెట్టింది. "ఆ పులుసైతే తింటానేమో," అంది.

ఈసారి వేరే చేపల కోసమని, వేరే ఎర పట్టుకుని పోయాడు. అయినా పడింది బాసే. మళ్లీ నిండు పొట్ట. చుట్టూ పిట్ట కూడా లేదు. ఇంట్లో తినని మనిషి, చేతిలో ఆమె అడిగిన చేప. తాజ్ మోకాళ్ల లోతు చల్లటి నీళ్లలో చాలాసేపు నిలబడ్డాడు. చేప మాత్రం అతని తడి అరచేతిలో ఓపిగ్గా మొప్పలాడిస్తూ ఉంది. గేలం విప్పి, చేతులు వదులు చేశాడు.

ఉత్త చేతులతో ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"అంత దూరం ఈదుకుంటూ వచ్చిందా?" అంది షెహజాది. " మంచి పని చేశారు. రసం పెట్టండి, ఈ పూటకి గడుపుదాం."

నాలుగు ముద్దలు తింది. ఐదోది తినలేకపోయింది.

మర్నాడు తాజ్ కెన్‌ను పిలిచి, ఆ సంగతి చెప్పాడు. కెన్ విని తలూపాడు, అంతే. ఆ తర్వాతి సాయంత్రం తలుపు చప్పుడైంది. గుమ్మంలో కెన్, చేతిలో అదే గిన్నె. అందులో శుభ్రం చేసిన రెండు బ్రీమ్ చేపలు.

"ఇవి పట్టుకోవచ్చు, కొలత చూసే తెచ్చాను. గుడ్లు మాత్రం లేవు."

"మీరు ఆ రోజు పులుసు..." తాజ్ నసిగాడు.

"తిన్నాను. చచ్చిన చేపను పారేస్తే అది రెండో తప్పు. అంత రుచిగా ఉండటమే నా బాధ!" కెన్ నవ్వాడు. "గిన్నె ఆలస్యమైందని ఏమనుకోకు. రెండు వారాలుగా నాకు ఒక్క చేపా పడలేదు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ చెప్పేది."

తాజ్ రెండు చేతులతో గిన్నె అందుకున్నాడు. లోపల్నుంచి షెహజాది గొంతు వినిపించింది.

"అంకుల్‌ని కూర్చోమనండి. ముగ్గురికీ కలిపి అన్నం పెట్టండి."