మల్లేశం కాక శుక్రవారాలు

పక్కింట్లో కొత్తగా లేస్తున్న గోడకు నీళ్లు కొడుతుంటే తడి సిమెంటు వాసన నిన్న మళ్లీ నా కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఆ వాసన అందరికీ చల్లగా ఉంటుందట. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి ఒళ్లు మండుతుంది.

గల్ఫ్‌లో, మనామా పాత బజారు వెనక, బాపు కుట్టు దుకాణం పైన మా రెండు గదుల ఇల్లు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం పొద్దున్నే అమ్మ సర్వపిండి గిన్నె పొయ్యి మీద పెడితే నువ్వుల వాసన కిందున్న కొత్త బట్టల వాసనతో కలిసేది, ఏసీ నీళ్లు కారే మూల వదిలేసి నేను చాక్‌పీసుతో అష్టాచమ్మా గీసేదాన్ని, ఇంతలో కూలీల క్యాంపు నుంచి మల్లేశం కాక వచ్చేవాడు. బాపు ఊరివాడే, మెట్‌పల్లి దగ్గర; తాపీమేస్త్రి. గవ్వలు వేయడంలో ఆయనంత అందంగా మోసం చేసే మనిషిని మళ్లీ చూడలేదు. నా కోతలకు గురువు ఆయనే.

అరాద్‌లో మూడు విల్లాలు కలిపి నడిపే మా చిన్న బడి వార్షికోత్సవానికి, ఏడో తరగతిలో, నాకొక ఉపన్యాసం ఇచ్చారు: ఆరు వందల యాభై ఏళ్ల కిందట ట్యూనిస్‌లో పుట్టిన ఒక చరిత్రకారుడి మీద. రాజ్యానికీ మనిషిలాగే వయసుంటుందని, ఎడారిలో గట్టిపడ్డ తాత గెలిచినదాన్ని పట్టుబట్టల్లో మెత్తబడ్డ మునిమనవడు పోగొడతాడని, మన చేతిలోని సంపాదనంతా ఎవరో ఒకరి కష్టమేనని, జనం చేత ఊరికే పని చేయించుకునే అన్యాయమే పట్నాలను పాడుపెడుతుందని రాసినవాడు. ముట్టడిలో ఉన్న డమాస్కస్ కోటగోడ మీంచి తాళ్లతో దిగి, బయట విడిది చేసిన శత్రువుతో మాట్లాడి వచ్చినవాడు.

నాకు ఇది చాలలేదు. ఆ తాడు మెట్‌పల్లి నారతో పేనిందన్నాను. దిగుతుంటే ఆయన తలపాగా జారి గుర్రం నోట్లో పడిందని, అది మూడు రోజులు నమిలిందని రాసి, కాకకు చదివి వినిపించాను.

"తాడు దేనికి గట్టిన్రు బిడ్డా? పచ్చి గోడకు గడితె పండితుడు, గోడ రెండూ కింద వడ్తయి" అన్నాడు కాక.

ఊరికే పని చేయించుకునే మాట చదివినప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు.

"గది వెట్టి గదా. మా నాయిన దొర గడిల జేసిండు. నేను దుబాయొచ్చి జేస్తున్న." గల్ఫ్‌లో ఏ దేశమైనా మా ఊరివాళ్లకు దుబాయే.

మా బడి యజమానీ, కాకకు వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న కఫీలూ దోస్తులట. ఉత్సవంలోగా బడి ప్రహరీ లేవాలని, ఆ దోస్తానా కోసం, కఫీల్ తన ఐదుగురు మేస్త్రీలను ఇక ప్రతి శుక్రవారం అక్కడికి పంపుతాడట. జీతం లేదు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంటే కాదనేదెవరు?

"వాళ్లిద్దరు ముందు వరుసల్నే కూసుంటరు కాకా. మా గోడ వెట్టి గోడ అని మైకుల చెప్త."

"చెప్పు. నలుగుర్ల సిగ్గువడితె నా శుక్రారం నాకిస్తరేమో."

ఆ మాటే నా ఉపన్యాసానికి చివరి వాక్యంగా రాశాను. టీచరు నా కాగితం చదివి, తాడు దగ్గర నవ్వింది, గుర్రం దగ్గర భలే అంది, చివరి వాక్యం మీద ఎర్ర గీత కొట్టింది. "బహుమతి కప్పు కావాలా, వద్దా?" అంది. నా అబద్ధాలన్నీ ఉంచి, ఉన్న ఒక్క నిజాన్నీ తీసేసింది.

ఉత్సవం కూడా శుక్రవారమే. విమానాలు మా నెత్తి మీదుగా దిగుతున్నాయి, వెనక గోడకు ఇంకా సున్నం పడుతోంది, గోడ మీంచి కాక ఎర్ర తువ్వాలు కనిపిస్తోంది. తాడు చెప్పాను, గుర్రం చెప్పాను. ముందు వరుస పగలబడి నవ్వింది. చివరి వాక్యం నోటిదాకా వచ్చింది. టీచరు కళ్లు, బల్ల మీది కప్పు చూసి మింగేశాను. ఎర్ర తువ్వాలు కాసేపు కదలకుండా నిలబడి, మళ్లీ కిందికి వంగింది.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. గుర్రం ముచ్చట బాగుంది" అన్నాడు గేటు దగ్గర. తిట్టినా బాగుండేది.

ప్రహరీ అయ్యాక శుక్రవారాలు కఫీల్ ఇంకో దోస్తు ఇంటికి పోయాయి. కాక మా ఇంటికి రావడం ఆగిపోయింది.

ఇప్పుడు ఆ విల్లాలు లేవు, గోడా లేదు, బాపు దుకాణం లేదు. కప్పు ఉంది, దాంట్లో మా గవ్వలు పోసి పెట్టాను. టీచరు మీద కోపం ఎప్పుడో పాతబడింది, నా మీదిది మాత్రం రోజూ కొత్తగానే ఉంటుంది.

నిన్న ఆదివారం, ఇక్కడ మన దేశంలో సెలవు రోజు. కిటికీలోంచి పక్కింటి మేస్త్రీని అడిగాను, సెలవు లేదా అన్నా అని.

"సారు ఊకెనె వచ్చి చేసిపో అన్నడమ్మా" అన్నాడు.

చెప్పులేసుకుని వెళ్లి ఆ సారు గేటు కొట్టాను. గుర్రం ముచ్చట చెప్పడానికి కాదు.