పల్చటి అట్లకాడ

దేశం వదిలొచ్చి పెండిల్ హిల్‌లో ఒంటరిగా ఉన్న మొదటి ఏడాది నేను వేయించిన ప్రతి చేప ముక్కా తిప్పేసరికి విరిగిపోయేది. ఒక శనివారం కొత్త అట్లకాడ కోసం ఇండియన్ షాపుకి వెళ్లి, ఏది తీసుకోవాలో తెలియక తెలుగులో గొణుక్కుంటున్నాను. పక్కనున్న పెద్దావిడ విని, "దేనికమ్మా?" అన్నారు.

"చేపలు తిప్పడానికి ఆంటీ."

"అయితే ఆ మందంది వద్దు, ముక్క కిందికి దూరదు. అంచు పల్చగా ఉండాలి, ప్రెస్ చేస్తే కొంచెం బెండ్ అవ్వాలి. ముక్కంతా పట్టేంత వెడల్పుండాలి," అంటూ సన్నటి స్టీలుది ఒకటి తీసి, బొటనవేలితో వంచి చూపించారు.

నాకు కావలసింది దొరికింది. కానీ వారం రోజులుగా నాతో ఎవరూ తెలుగులో మాట్లాడలేదు. అందుకే చెక్కది తీసి, "ఇది పనికిరాదా?" అన్నాను. తర్వాత ప్లాస్టిక్‌ది చూపించాను. ఆవిడ అన్నిటికీ ఓపిగ్గా చెప్పి, చివరికి నవ్వారు.

"అడుగమ్మా. నాకూ ఇంట్లో తొందరేం లేదు."

మాట్లాడుకుంటూనే బయటికి వచ్చాం. ఫోన్ నంబరు అడుగుదామనుకునేలోపే ఆవిడ బస్సొచ్చేసింది.

ఆ సాయంత్రం చేప ముక్క విరగకుండా తిరిగింది. రెండోదీ అంతే. రెండూ నేనే తిన్నాను.