పదకొండిళ్ల కారు

ధర్మవరంలో బ్యాటరీల మెకానిక్కు రామాంజినేయులుకు రాని పని లేదు గానీ, నోటికి ‘కాదు’ అనే మాట మాత్రం రాదు. పొగిడితే చాలు, చొక్కా కూడా విప్పి ఇచ్చేరకం.

ఒకసారి భార్య నీలావతిని మోపెడ్ మీద పెనుకొండకు తీసుకెళ్తే ఆమె అన్న తిమ్మరాజు తన జీపుకు ఆనుకుని, “ఏమప్పా, మా చెల్లెల్ని మూట కట్టుకోనొచ్చినావే!” అన్నాడు. నలుగురూ నవ్వారు. నీలావతి మాత్రం తల వంచుకుంది. ఆ తల వంపు రామాంజినేయులు గుండెలో ముల్లులా దిగింది. రెండువేల ఆరులో బెంగళూరులో ఎవరో వదిలించుకున్న చిన్న కరెంటు కారు కొని, మూడు నెలలు కుస్తీ పట్టి నడిపించాడు. తిమ్మరాజు మనవడి నామకరణానికి నీలావతి ఆ కారులోనే దిగాలి. అదొక్కటే అతని పంతం.

నామకరణం దినం పొద్దున్నే ట్రాన్స్‌ఫార్మరు కాలి వీధంతా కరెంటు పోయింది. పక్కింటి మార్కండేయులు మగ్గానికి కొత్త అచ్చు అతుకుతున్న, అంటే పాత పోగుల కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే మెలేస్తున్న నీలావతికి ఇంకా వెయ్యి పోగులు మిగిలాయి. మొదలుపెట్టిన చేతితోనే, నడుమ వదలకుండా అతుకు ముగించాలి, ఇంకో చెయ్యి పడితే మెలిక తేడా వస్తుందని ఆ వీధి కట్టుబాటు. బయట ముసురు, మగ్గం గదికి కిటికీ లేదు.

“ఒక్క ట్యూబులైటుకు ఇయ్యప్పా,” అన్నాడు మార్కండేయులు. రామాంజినేయులు కారుకు ఇన్వర్టరు తగిలించి వైరు లాగాడు. గదిలో వెలుగు రాగానే వీధి వీధంతా వచ్చి నిలబడింది.

“నీయంతోడు ఈ జిల్లాలోనే ల్యాడన్నా, మాకూ ఒక వైరు...”

ఇంకేముంది! పదిన్నరకల్లా పదకొండిళ్లకు వైర్లు పోయాయి. లైట్లు సరే, ఫ్యాన్లు వేశారు, దారం కండెలు చుట్టే మోటార్లు తిప్పారు. ఒక మహాతల్లి గ్రైండరులో పిండి కూడా రుబ్బింది. రామాంజినేయులు మీసం మీద చెయ్యి వేసుకుని తిరిగాడే తప్ప, కారులో ఛార్జీ మీటరు వంక చూడలేదు.

చివరి పోగు అతికి, పట్టుచీర కట్టుకొచ్చి నీలావతి ముందు సీట్లో కూర్చుంది. కారు వీధి మలుపు దాకా పోయి ఆగిపోయింది. అతని ప్రాణం ఉసూరుమంది. పదకొండిళ్లవాళ్లూ కలిసి కారును వెనక్కి నెట్టుకొచ్చారు. ఆలుమగలు బస్సెక్కారు.

పెనుకొండలో రెండో పంక్తి భోజనాలు అవుతున్నాయి. “కారు యాడుండాదప్పా?” అని తిమ్మరాజు గట్టిగానే అడిగాడు. రామాంజినేయులు నేల చూపులు చూశాడు. ఈసారి నీలావతి తల ఎత్తింది.

“పదకొండిండ్లకు కరెంటిచ్చి అలిసి పండుకోనుండాదిలే అన్నా. నీ జీపు ఒక బల్బన్నా ఎలిగించిందా ఎప్పుడన్నా?”

పంక్తంతా ఘొల్లున నవ్వింది. తిమ్మరాజుకు పొలమారింది. చేయి కడుక్కున్నాక అతనే బావను పక్కకు పిలిచి, “నిజంగా ఇండ్లకు ఇచ్చిందా? వచ్చే ఆదివారం తీసుకురా, సూస్తా,” అన్నాడు.

ఆ ఆదివారం దారిలో ఎవరెంత పిలిచినా రామాంజినేయులు కారు ఆపలేదు. కారు ఇంటిముందు ఆగగానే తిమ్మరాజే ఎదురొచ్చి తలుపు తీశాడు.

నీలావతి దిగలేదు. తలుపు మళ్లీ వేసుకుని మొగుడితో అంది:

“ఊరంతా ఇంకొక సుట్టు తిప్పప్పా.”