ఆకువక్క రోట్లో ఉలవలు

1946 మార్చి 12, మంగళవారం, ఉదయం ఏడుంబావుకు నరసరావుపేట స్టేషను ముందు జట్కా దిగాను. ఆ గుర్రానికి ఇరవై రెండేళ్ళు. నాలుగు రోజులుగా దాణా తినడం లేదని, రేపు తోళ్ళవాళ్ళకు ఇచ్చేస్తానని జట్కా సాయిబు దారంతా చెబుతూనే ఉన్నాడు.

మాచర్ల రైలు కోసం కూర్చున్న ఒక ముసలమ్మ లేచి వచ్చింది. గుర్రం కాళ్ళ దగ్గర పడిన, సగం నమిలిన గడ్డి ఉండను చేత్తో నలిపి చూసింది.

"ఆకలి లేక కాదు సాయిబూ, నమల్లేక ఉమ్మేస్తంది. నాకూ ఒక్క పన్ను లేదు. నేను తినట్లా?"

"నువ్వు బండి లాగవు గదవ్వా."

"పస్తుండి నువ్వు లాగి చూడు."

ఆమె సంచిలోంచి ఆకువక్క దంచుకునే చిన్న ఇనప రోలు తీసింది. జట్కాలో దాణాకని పెట్టిన ఉడికిన ఉలవలు అందులో మెత్తగా దంచి, నీళ్ళు కలిపి అరచేతిలో పెట్టింది. గుర్రం చెయ్యంతా నాకింది. ఆమె మళ్ళీ దంచింది. అయిదో వాయికి రైలు కూత వేసింది.

"అవ్వా, రైలు," అన్నాను.

"ఇంకోటి రాదా ఏంది?"

నేను ఎక్కాను. ఆమె ఎక్కలేదు.

ఎనిమిదో రోజున తిరిగొచ్చి అదే జట్కా ఎక్కాను. అదే గుర్రం లాగింది. రోలు సాయిబు పక్కనే ఉంది.

ఆ ముసలమ్మకు పోయినవి ఒక రైలు, ఒక రోలు. ఎన్ని పూటల తాంబూలం పోయిందో నాకు తెలియదు.