కన్నీటి ప్రార్థనకు ఎర్రగీత

డాక్టరీ మూడో ఏడు చదువుతున్న ఎలీషబాకు తన చేతి బ్యాండు మీద ఎంత మంటో, దాన్ని తొడిగించిన వాళ్ల ప్రొఫెసర్ డాక్టర్ రంగనాయకులు మీద అంతకంటే ఎక్కువ మంట.

కాలేజీలో పిల్లలు ఒత్తిడితో కుంగిపోతున్నారట, ముందే కనిపెట్టి కాపాడాలట! ఆ మాట చెప్పి అందరికీ తలా ఒక నల్ల రబ్బరు బ్యాండు తగిలించాడాయన. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, నిద్ర పట్టిందో లేదో అది పసిగడుతుంది. నిమ్మళంగా ఉంటే ఆయన కంప్యూటర్లో పచ్చగీత, ఒత్తిడి పెరిగితే ఎర్రగీత. పిల్లల ఒత్తిడిలో సగం తన నోటి నుంచే వస్తుందని ఆ మహానుభావుడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? మార్కులన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి.

వార్డులో రోగుల ముందే తిట్టేవాడు. "ఏ ఊరమ్మా నీది? దొనకొండా? అక్కడే గొర్రెలకు సూదులేసుకుంటూ ఉండకపోయావా? మనుషుల జోలికెందుకొచ్చావ్?" అనేవాడు. పక్కనున్నవాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. ఎలీషబా తల వంచుకుని, ఊపిరి బిగబట్టి, కొయ్యబారి నిలబడేది. భయంతో బిగుసుకుపోయిన ఒంట్లో గుండె కూడా నెమ్మదించేది. లోపల మాత్రం ఆయన్ని నమిలి ఉమ్మేసేది.

ఆ కసినంతా ఆదివారం దాకా మోసేది. ఆదివారం దొనకొండ బస్సెక్కి, రేకుల కప్పు వేసిన వాళ్ల చర్చికి పోయి, వాళ్లమ్మ మేరీ పక్కన మోకరించేది. అక్కడ ప్రార్థనంటే పెదాలు కదిపి ఊరుకోవడం కాదు, కన్నీటి ప్రార్థన. కూలికి పోయే ఆడవాళ్లంతా వారమంతా పడ్డ మాటల్ని గుండెలు బాదుకుంటూ దేవుడికి చెప్పుకుంటారు. అందరి గొంతుల్లో ఎలీషబా గొంతే పైన వినబడేది.

"ప్రభువా, చూస్తాండావా లేదా? ఆ మనిషి అంతమందిలో నన్ను తిడతాంటే యాడ పోయినావు?" అని నిలదీసేది.

చెమటలు పట్టేవి, వెక్కిళ్లొచ్చేవి. లేచేసరికి ఒళ్లు దూదిలా తేలికయ్యేది. వాళ్లమ్మ చేత మారు అన్నం పెట్టించుకుని తినేది. ఆ ఏడుపే లేకపోతే ఆ పిల్ల ఎప్పుడో పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేసేది.

మరి ఘనత వహించిన ఆ బ్యాండు ఏం చెప్పింది? తిట్లు తినే వార్డులో పచ్చగీత, ఊరట దొరికే చర్చిలో ఎర్రగీత!

ఒకరోజు రంగనాయకులు క్లాసులో అందరి ముందూ ఆ గీతల్ని తెర మీద వేశాడు.

"చూడండి, ఈ అమ్మాయికి నా వార్డులో ఒత్తిడే లేదు. ఆదివారం ఊరికెళ్తేనే వస్తోంది. ఏం చేస్తావమ్మా అక్కడ?"

"ప్రార్థన సార్."

"ఇంత ఎరుపా! ప్రార్థనా, కొట్లాటా?"

క్లాసంతా గొల్లుమంది. ఎలీషబాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ బిగబట్టిన నోరు తెరిచింది.

"అది ఏడుపు సార్. ఏడిస్తేనే నాకు బరువు దిగేది. నా బాధంతా ఈడనే ఉండాది."

"ఇక్కడ పచ్చగా ఉందిగా. మిషన్ అబద్ధం చెబుతుందా?"

"మా నాయన మిరపచేలల్లో కూలికి పోతాడు సార్. ఆసామి ఎన్ని బూతులు తిట్టినా కొయ్యబారి నిలబడతాడు. కదిలితే మళ్లీ పనికి పిలవడని. నేను కూడా మీ ముందర అట్లనే నిలబడినా. అది నిమ్మళం కాదు సార్, భయం."

రంగనాయకులు మొహం మాడిపోయింది. ఇంకొకడైతే ఆ మాటకు సిగ్గుపడేవాడు. ఈయన పిల్లల వైపు తిరిగి, "చూశారా, ఎంత ఆవేశపడుతోందో! వచ్చే ఆదివారం కూడా ఎరుపొస్తే ఆరు నెలలు సెలవు పెట్టించి ఇంటికి పంపిస్తా. బ్యాండు తీసేసినా అంతే. నీ మంచికే చెబుతున్నానమ్మా" అన్నాడు.

మంచికట, మంచి! ఆరు నెలలు ఇంట్లో కూర్చుంటే పరీక్ష రాయనివ్వరు, ఏడాది మట్టిగొట్టుకు పోతుంది. ఆ సంగతి ఆయనకు తెలియదా?

ఆ ఆదివారం చర్చిలో అందరూ గొంతెత్తారు. ఎలీషబా మాత్రం పళ్లు బిగించి, చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడుపు తన్నుకొచ్చినప్పుడల్లా మింగేసింది. మేరీ ప్రార్థన ఆపి కూతురి మొహంలోకి చూసింది.

"ఏంది తల్లీ, నోరు పెగల్లేదు? ఎవురన్నా ఏమన్నా అనినారా?"

"ఎవురేమీ అనలేదులేమ్మా."

"మరి ఏడువు. కడుపులో పెట్టుకోబాకు."

ఎలీషబా ఏడవలేదు. ఇంటికొచ్చి అన్నం కలిపి, రెండు ముద్దలు తిని లేచిపోయింది.

సోమవారం రంగనాయకులు మొహం వెలిగిపోయింది. "శభాష్! మొత్తం పచ్చగా ఉంది. నా మాట విన్నావు, బాగుపడ్డావు" అని చప్పట్లు కొట్టించాడు. బ్యాండు పుణ్యాన కోలుకున్న మొదటి విద్యార్థిని అని బోర్డు మీద ఆమె పేరు కూడా రాయించాడు. ఆయన కళ్లలో మన్ను పడ! ఎలీషబా తల వంచుకుని, "థాంక్యూ సార్" అంది.

తర్వాతి ఆదివారం ఆమె దొనకొండ బస్సెక్కలేదు. అందరూ ఏడుస్తుంటే వాళ్లమ్మ పక్కన నోరు మూసుకుని కూర్చోవడం మళ్లీ ఆమె వల్ల కాలేదు. "ఎందుకు రాలేదే?" అని మేరీ ఫోన్ చేస్తే, "బాగుండానమ్మా. నాకేం బాధ లేదు" అని పెట్టేసింది.